గీతకు జానెడు ఇవతల

ఆ వేలు ఒక్కటి లేవకుండా ఉంటే ఈపాటికి ఆటోలో పొట్టేలు కూడా ఉండేది, దాని కొమ్ములు మోకాళ్లకు తగులుతుంటే సంగమ్మత్త తిడుతూ ఉండేది, మంజునాథ్ కప్పును బయటికి చాపి హైవే మీద వచ్చే పోయే లారీలన్నింటికీ చూపిస్తూ ఉండేవాడు, ఇంటి దగ్గర మా అమ్మ అల్లం వెల్లుల్లి ముద్ద మీద మూత తీసేది. పొద్దున్నే నూరి పెట్టింది. అమ్మా, ఆట ఇంకా మొదలే కాలేదు కదే అంటే, గెలువకుంట ఎట్లుంటరే, అంపైరు మన అల్లుడే కద అంది. నేనూ నవ్వాను. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే చెవులు వేడెక్కుతున్నాయి. పొట్టేలు గెలిచిన ఝరాసంగం వాళ్ల ట్రాక్టర్ ఎక్కి పోయింది, కప్పు దాని మెడకు కట్టారు, అది బెదిరిపోయి అరుస్తుంటే వాళ్లు అదీ మన వైపే కేకలు వేస్తోందని ఈలలు వేశారు. ఆటోలో మిగిలింది మేము. నడిపేది మల్లికార్జున్, వరసకు అన్న. అతని పక్కన సగం సీటు మీద, సగం గాలిలో మంజునాథ్, మా బౌలరు. వెనక నేనూ, సంగమ్మత్తా, మా కాళ్ల కింద బురద ఆరిన రెండు బ్యాట్లు. జహీరాబాద్ దాటలేదు ఇంకా, అప్పుడే నాకు దిగిపోవాలని ఉంది.

దిగి ఎక్కడికి పోతాను? బండి మీద ఎక్కి ఉంటే ఈ ఆటోనే ఉండేది కాదు. మా ఆయన హరీశ్ గ్రౌండ్ గేటు దగ్గర బండి స్టార్ట్ చేసి నిలబడ్డాడు, ఆ అంపైర్ తెల్ల టోపీ ఇంకా నెత్తి మీదే ఉంది, తీసేయాలని కూడా తోచలేదు ఆ మనిషికి. “రా పూజీ, వెళ్దాం” అన్నాడు, మామూలుగా, సినిమా అయిపోయి బయటికి వచ్చినట్టు. చుట్టూ మా ఊరి వాళ్లు. అందరూ చూస్తున్నారు, నేను వెనక ఎక్కి ఆయన భుజం మీద చెయ్యి వేస్తానా లేదా అని. అత్తకు తోడు ఆటోలో వస్త, నువ్వు పో అన్నాను. అత్తకు తోడట. సంగమ్మత్త ఒంటరిగా బీదర్ దాకా పోయి గేదెను కొనుక్కొచ్చిన మనిషి. హరీశ్ తల ఊపి, హెల్మెట్ పెట్టుకోవడానికి అప్పుడు టోపీ తీశాడు, మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. నలగకుండా. ఆ బండి వెనక సీటు ఖాళీగా పోవడం ఊరంతా చూసింది, నేనూ చూశాను, చూడనట్టు చెప్పుల్లో దుమ్ము దులుపుకున్నాను.

ఆ టోపీ ఇచ్చిన రోజు. మా వైపు టెన్నిస్ బంతి ఆటల్లో ఒక రివాజు ఉంది, బ్యాటింగ్ ఏ ఊరిదైతే అంపైర్ ఆ ఊరి మనిషే. బయటి మనిషిని తెస్తే వాడికి టీలు పోయాలి, భోజనం పెట్టాలి, పైగా తిట్టాలంటే మొహమాటం. సొంత మనిషైతే అటూ ఇటూగా ఉన్నది మనకే ఇస్తాడు, వాళ్ల మనిషి వాళ్లకిస్తాడు, చివరికి అంతా సరిపోతుంది, ఇన్నేళ్లూ సరిపోయింది. మూడు ఫైనళ్లలో రెండు గెలిచినవాళ్లదే కప్పు, మొదటిది మాది, రెండోది వాళ్లది. మూడోదానికి ఎవరిని నిలబెడదామని మా నాన్న రామ్‌కిషన్ వరండాలో పెద్దలు మాట్లాడుకుంటుంటే ఎవరో అల్లుణ్ణి నిలబెడదామన్నారు, అందరూ ఔనంటే ఔనన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హరీశ్‌ది తణుకు దగ్గర పల్లె, ఇక్కడి ఫ్యాక్టరీలో నన్ను చూసి, నేనూ చూసి, రెండు ఇళ్లతో పోట్లాడి చేసుకున్న పెళ్లి. మొదటి ఏడాది మా ఊరొస్తే కుర్చీ వేసేవారు, టీ ఇచ్చేవారు, మాట మాత్రం కలిపేవారు కాదు. ఆంధ్రా అల్లుడు అనేవారు, పేరు కూడా అక్కర్లేదు. అలాంటి మనిషి నెత్తిన మా నాన్న తన చేత్తో టోపీ పెట్టి, భుజాన కొత్త తువ్వాలు వేసి, కొబ్బరికాయ చేతిలో పెడితే, పెళ్లిలో కూడా ఆయనకింత మర్యాద జరగలేదే అనుకున్నాను. ఎందుకు పెట్టారో నాకు తెలుసు. బ్యాటింగ్‌లో మా ఆశంతా నా తమ్ముడు పృథ్వి మీద. బావ బామ్మర్ది మీద వేలెత్తుతాడా ఎక్కడైనా? ఆ మాట హరీశ్‌కు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన మాట అని ఎవరికీ అనిపించలేదు. పాపం ఆయన రెండు రాత్రులు ఫోన్లో రూల్స్ చదివాడు. బ్యాటు గీత మీద ఉంటే అవుటా కాదా చెప్పు పూజీ అని నన్ను అడిగి, నేను తప్పు చెబితే మురిసిపోయాడు. అప్పుడు చెప్పాల్సింది. ఇది ఆ ఆట కాదు, నిన్ను నిలబెట్టింది చూడటానికి కాదు అని. చెప్పలేదు. ఆ ముఖం అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పడం? పైగా, నిజం చెప్పుకోవాలంటే, సమయం వచ్చినప్పుడు ఆయనకే అర్థమవుతుందిలే అనుకున్నాను.

“రొండో మ్యాచ్‌ల ఏమాయె?” మంజునాథ్ వెనక్కి తిరిగి అడుగుతున్నాడు, ఎవరిని అడుగుతున్నాడో అతనికే తెలియదు. “బ్యాటుకు తాకిన సప్పుడు రోడ్డు దాక ఇనవడ్డది. వాళ్ల అంపైర్ ఇచ్చిండా? ఆకాశం దిక్కు సూస్కుంట నిలవడ్డడు. గదీ మనిషంటే. మనం ఏమన్నా అన్నమా? అనలే. వాళ్లోడు వాళ్లకిచ్చుకున్నడు.”

“వైడ్లు గూడ ఇయ్యలేదు మనోడు” మల్లికార్జున్ అందుకున్నాడు. “గంత దూరం పోయింది ఒక బాల్, నేను ఆటోల కూసోని సూస్తె నాకు కనవడ్డది. రూల్ మాట్లాడ్తడు. గా గీత లోపట్నే ఉన్నదట.”

“పిల్ల కూసున్నది, జర నోరు సంభాళించున్రి” అంది సంగమ్మత్త, నా తొడ మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. చావు జరిగిన ఇంట్లో వేసే చెయ్యి అది. నిన్నంటలేము అక్కా అన్నాడు మంజునాథ్. నాకు తెలుసు నన్ననడం లేదని. నన్ను అంటే బాగుండు, తిరిగి నాలుగు అంటించేదాన్ని, నా నోటికి ఊళ్లో పేరుంది. చిన్నప్పుడు రేషన్ షాపు దగ్గర లైను తప్పి ముందుకొచ్చిన సర్పంచి తమ్ముణ్ణి చెయ్యి పట్టి వెనక్కి లాగినదాన్ని. ఇవాళ ఆ నోరు ఎక్కడ పెట్టానో. ముందు చెరుకు లారీ పోతోంది, దాని వెనకే మేము, దాటడానికి దారి లేదు, చెరుకు గడలు రోడ్డు మీద రాలుతూ తీపి వాసన, డీజిలు వాసన. రెండు పక్కలా కోతకొచ్చిన జొన్న. ఈ దారి మీద నేను వందసార్లు పోయి ఉంటాను, ఇంత మెల్లగా ఎప్పుడూ పోలేదు.

అవుటే. నేను చూశాను. అదే కదా బాధ. గ్రౌండ్‌లో అందరికంటే సరిగ్గా చూసింది నేను. మా నాన్న ట్రాక్టర్ ట్రాలీని బౌలరు వైపు గీతకు తిన్నగా నిలిపారు, దాని మీద దుప్పటి వేసి ఆడవాళ్లం కూర్చున్నాం. గెలవాలంటే రెండు పరుగులు, ఆఖరి జోడీ. పృథ్వి మెల్లగా తోసి పరుగెత్తాడు. నా తమ్ముడు పరుగెత్తేటప్పుడు చిన్నప్పటి నుంచి నాలుక బయట పెడతాడు, అది కూడా కనిపించింది. బ్యాటు ముందుకు చాపాడు, బంతి వచ్చి వికెట్‌ను లేపేసింది, బ్యాటు కొస గీతకు జానెడు ఇవతల ఉంది. జానెడు. నా చేతికి జానెడు, అమ్మ చేతికైతే ఇంకొంచెం ఎక్కువ. అవుట్. కానీ వెంటనే, అంత తొందరగా ఎలా అనుకున్నానో, ఫరవాలేదు, హరీశ్ ఉన్నాడు కదా అనుకున్నాను. నాకు తెలియకుండానే అనుకున్నాను. అదీ నా బతుకు. ఊరు వేరు, నేను వేరు అని ఎన్నిసార్లు చెప్పానో హరీశ్‌తో, మా వాళ్లు అలా, నేను అలా కాదు అని. ఆ క్షణంలో నాకూ, ఈ మంజునాథ్‌కూ తేడా ఏముంది? హరీశ్ వంగి చూస్తున్నవాడల్లా నిటారుగా లేచాడు. ఒక్కసారి ట్రాలీ వైపు చూశాడు. ఆ తర్వాత వేలెత్తాడు. మంచి అంపైర్లు ఎత్తినట్టు, తొందర లేకుండా, తల పైదాకా. మా ఊరి వాళ్లు కోపం తెచ్చుకోవడానికి కూడా కాసేపు పట్టింది, వాళ్లకు ముందు నమ్మకం కుదరాలి కదా.

“అక్కా, నువ్వే చెప్పు.” మంజునాథ్ ఈసారి నన్నే అడిగాడు. “ట్రాలీ మీద సక్కగ గీతకెదురుంగ కూసున్నవు. పృథ్విగాడు లోపట్నే ఉన్నడు కద?”

“నేను సూడలే మంజూ. గప్పుడే పక్కకు తిరిగిన.”

“నువ్వు సూడకపోతివి. ఆయన సూసిండు కద. కావాల్ననే ఇచ్చిండు. మొదటి సాలు మనం మాట్లాడలేదని కడుపుల వెట్టుకున్నడు.”

మల్లికార్జున్ అద్దంలో నా ముఖం చూసి, చూపు తిప్పుకున్నాడు. అతను మెల్లగా మాట్లాడతాడు, అందుకే అతని మాటే ఎక్కువ తగులుతుంది. “చెల్లె, నువ్వేమనుకోకు. వచ్చే నెల జాతర ఉన్నది. మీ నాయిన పక్కపొంట అల్లుడు నిలవడి కొబ్బరికాయ కొట్టాలె కద ఈసారి. పెద్దలు వద్దనే అంటున్నరు. గ్రౌండ్‌లనే మాట్లాడుకున్నరు. మీ నాయిన తల దించుకొని ఇన్నడు.”

నాన్న తల దించుకోవడం. అది కనిపించింది నాకు, చూడకపోయినా కనిపించింది, తువ్వాలు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. పెళ్లికి ఒప్పుకున్న రోజూ అలాగే కూర్చున్నాడు. మూడేళ్లు పట్టింది ఆ తల మళ్లీ లేవడానికి. మళ్లీ కుర్చీ, మళ్లీ టీ, మళ్లీ ఆంధ్రా అల్లుడు. హరీశ్ ఆ కుర్చీలో కూర్చుని గోడ మీద క్యాలెండరు చదువుకుంటూ ఉండటం. ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి, చిరాగ్‌పల్లి మలుపు వచ్చేస్తోంది, మాటలు ఆటో దిగి ఊళ్లోకి పోయాక వాటిని ఎవరూ పట్టలేరు. అవుటే మంజూ, నేను చూశాను, జానెడు ఇవతల ఉన్నాడు నా తమ్ముడు, అని అనాలి. నోరు తెరిచాను.

“ఆయనకు దూరంవి సక్కగ కనవడవు.”

నా గొంతే. చాలా మామూలుగా వచ్చింది, ఉప్పు తక్కువైంది అన్నట్టు. ఏందీ అన్నారు ఇద్దరూ. “కండ్లు. అద్దాలు వెట్టుకోమంటే వెట్టుకోడు. సిగ్గు. నాయినకు చెప్పొద్దన్నడు.” ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి, ఇంత బాగా అబద్ధమాడతానని నాకే తెలియదు. మల్లికార్జున్ ఆటోను పక్కకు తీసి దాదాపు ఆపేశాడు. అయ్యో పాపం, గంత సిన్న వయసుల అంది సంగమ్మత్త. ఆ తర్వాత మంజునాథ్ నవ్వాడు. వెటకారం కాదు, ఇందాకటి నుంచి మోస్తున్న మూట దించినవాడి నవ్వు. “కండ్లు కనవడనోన్ని అంపైర్ జేసినమా! గిది మన తప్పే కదనే మల్లన్నా! బావను ఊకె తిడ్తిమి.” బావ. గ్రౌండ్ నుంచి ఆ మాట అనలేదు, ఆయన, వాడు, ఆంధ్రోడు. ఇప్పుడు బావ. నిజాయితీగా ఉన్నవాణ్ణి క్షమించడం వాళ్ల వల్ల కాలేదు, గుడ్డివాణ్ణి క్షమించడం ఇంత తేలిక.

వాళ్ల సంగతి ఎందుకు? నేనేం చేశాను? హరీశ్ పని ఏమిటో నాకు తెలియదా? ట్రాక్టర్లకు పోతపోసిన ఇనుప ముక్కలు వస్తాయి, వాటిని లైటు కింద తిప్పి వెంట్రుకంత పగులు ఎక్కడుందో పట్టుకోవడం ఆయన పని. మిషన్ వదిలేసినవి కూడా పట్టుకుంటాడు. మొదటిసారి నన్ను వాళ్ల షెడ్డు చూడటానికి తీసుకుపోయినప్పుడు ఒక ముక్క నా చేతిలో పెట్టి, కనపడిందా అన్నాడు, నాకు ఏమీ కనపడలేదు, ఇదిగో అని గోరుతో గీశాడు, అప్పుడు కనిపించింది, గీత. ఆ చెయ్యిని చూసి చేసుకున్నాను నేను. ఆ కళ్లను చూసి. మంజునాథ్ కూడా ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మీద లోడింగ్ చేస్తాడు, సోమవారం పోతాడు. నేను అనుకుంటుండగానే అతనికీ తట్టింది. “మరి కంపెనీల ఎట్ల సూస్తడక్కా?” “దగ్గరివి కనవడ్తయి” అన్నాను. ఔనౌను అని తల ఊపి, ఊరి వాట్సాప్ గ్రూపు తెరిచి ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. అందరు ఇనున్రి, బావను ఎవ్వలేమనొద్దు, బావకు కండ్లు కనవడవంట, అక్కనే చెప్పింది. గాలికి సగం మాటలు పోయాయి. అవసరమైనవి పోలేదు. బటన్ మీద నుంచి వేలు తీసేలోపు ఆపమని అనొచ్చు. అనుకుంటూ చూస్తూ కూర్చున్నాను.

హైవే వదిలి మా రోడ్డు ఎక్కింది ఆటో, గుంతలు మొదలయ్యాయి, ఊరికి పోతున్నామని ఒంటికి తెలిసేది ఈ గుంతలతోనే. ఫోన్ మోగింది. హరీశ్.

“ఎక్కడిదాకా వచ్చారు? నేను ఇంటికొచ్చి చాలాసేపైంది. మీ నాన్నగారు ఇంకా రాలేదు.” ఆగాడు. “అందరూ బాగా కోపంగా ఉన్నారా పూజీ?”

“లేదు.”

“నువ్వు చూశావుగా. గీతకు ఎదురుగా ఉన్నావు. నాకు అనుమానం లేదులే, అయినా ఒకసారి నీ వైపు చూశాను. నీ ముఖం చూస్తే తెలిసిపోయింది. జానెడు ఇవతల ఉన్నాడు కదా?”

నా ముఖం చూసి. నా ముఖంలో నిజం చూసి వేలెత్తాడు. సంగమ్మత్త భుజం నా భుజానికి ఆనుకుని ఉంది, మంజునాథ్ తన ఫోన్ దించి వింటున్నాడు, మల్లికార్జున్ అద్దంలో ఉన్నాడు. ఔను అంటే చాలు. రెండక్షరాలు. ఆ రెండు అక్షరాలు వీళ్లకేం అర్థమవుతాయి, ఇంటికి తొందరగా వస్తున్నావా అంటే ఔనన్నాననుకుంటారు. అదీ తెలుసు. అయినా సిగ్నల్ సక్కగ లేదు, వచ్చినంక మాట్లాడుత అని పెట్టేశాను. ఫోన్‌లో రాశాను, నేను ఒక మాట అన్నాను, నాన్న వాళ్లు ఏమన్నా అడిగితే. అక్కడ ఆగిపోయాను. అడిగితే ఏం చేయాలి ఆయన? నేను అబద్ధమన్నానని చెప్పాలా, తను గుడ్డివాణ్ణని చెప్పాలా? ఏది రాసినా నా చేత్తో రాయాలి. చెరిపేశాను. మళ్లీ రాశాను, మళ్లీ చెరిపేశాను, తెర మీద నా వేలి చెమట. కొంచెం మెల్లగ పో అన్నా అన్నాను మల్లికార్జున్‌తో. కడుపుల తిప్పుతున్నదా చెల్లె అన్నాడు, ప్రేమగానే, ఇంకేదో అనుకుని, సంగమ్మత్త కూడా నా వైపు తిరిగి మురిపెంగా చూసింది. అదీ కాదనలేదు నేను.

మా ఇంటి ముందు అప్పటికే జనం. నాన్న మాకంటే ముందే వచ్చేశాడు, అడ్డదారిన వచ్చి ఉంటాడు. హరీశ్ వరండా కింద కుర్చీలో కూర్చున్నాడు, తెల్ల టోపీ ఒళ్లో. పృథ్వి మెట్టు మీద కూర్చుని బ్యాటు పిడికి చుట్టిన రబ్బరు ఊడదీస్తున్నాడు, తల ఎత్తడం లేదు. వాడికీ తెలుసు. జానెడు ఇవతల ఉన్నానని వాడికంటే ఎవరికి బాగా తెలుస్తుంది? వాడు నోరు తెరిస్తే చాలు అనుకున్నాను, సిగ్గు లేకుండా, నా పని వాడి మీద వేస్తూ.

“ముందుగాల చెప్పొద్దా అల్లుడా” అంటున్నాడు నాన్న. గొంతు మెత్తగా ఉంది, నేను భయపడ్డదానికంటే ఎంతో మెత్తగా, తల ఎత్తే ఉంది. “కండ్లు సక్కగ కనవడకపోతె ఏమాయె? దాంట్ల సిగ్గేంది? సోమారం దవాఖానకు నేనే తీస్కపోత.”

హరీశ్ అర్థం కానట్టు నవ్వబోయాడు. ఏంటండీ మామయ్యగారూ అన్నాడు. ఆటో దిగుతూ మంజునాథ్ అక్కణ్ణుంచే అరిచాడు, ఫికర్ జేయకు బావా, అక్క మాకంత చెప్పింది అని. అప్పుడు హరీశ్ నా వైపు చూశాడు. నేను ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద. ఇనుప ముక్కను లైటు కింద తిప్పేటప్పుడు చూసే చూపు అది, తొందర లేని చూపు, ఎక్కడుందో కనిపించేదాకా చూస్తాడు. కనిపించింది. ఆ తర్వాత చూపు దించుకుని టోపీ అంచు సరిచేశాడు. చెప్పు హరీశ్, అనుకున్నాను, అది అబద్ధమని చెప్పు, నన్ను ఇక్కడే, వీళ్లందరి ముందు పట్టుకో. చెప్పకు హరీశ్ అని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి.

“అవునండీ” అన్నాడు నాన్నతో. “దూరంవి సరిగ్గా కనపడవు నాకు. చెప్పాల్సింది. తప్పు నాదే.”

జనంలో ఒక ఊపిరి వదిలిన చప్పుడు. ఎవరో భుజం తట్టారు. ఎవరో టోపీ తీసుకుని, ఇగ ఇది మల్లన్నకిద్దం అన్నారు, నవ్వులు. పృథ్వి చేతిలో రబ్బరు తెగింది. పొట్టేలు లేకపోతే ఏమాయె, కోడిని కోద్దాం, బావ తినకుంట పోవద్దు అని మంజునాథ్ అప్పుడే ఎవరినో పురమాయిస్తున్నాడు. మా అమ్మ ఇందిరమ్మ లోపలి నుంచి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది, ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. అల్లుడి చెయ్యి ఆమె ఎప్పుడూ పట్టుకుని ఎరగదు, మా వైపు అత్తలు అల్లుళ్ల ముందు కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంటారు. ఇవాళ దగ్గరికి పోయి మోచేయి పట్టుకుంది. చీకటి పడుతోంది, ఇంట్లో లైటు ఇంకా వేయలేదు.

“మెల్లగ నాయినా” అంది. “గడప ఉన్నది.”

మూడేళ్లుగా దాటుతున్న గడప. ఒకసారి దానికి తలుపు పట్టడం లేదంటే హరీశే చూసి, ఇక్కడ చెక్క లేచింది అని గోరుతో చూపించి సరిచేయించాడు. ఇప్పుడు అమ్మ చేతిలో మోచేయి పెట్టి దాని ముందు ఆగాడు, కాలి వేళ్లతో దాన్ని వెతికి, కావాల్సిన దానికంటే చాలా పైకి కాలెత్తి, లోపల పెట్టాడు.